అందరూ కలిసి ఒకే షో చూడాలంటే: ఆన్‌లైన్ గ్రూపు పెట్టి చివరి ఎపిసోడ్ దాకా నడిపించే పద్ధతి

"గ్రూపు పెట్టాం. మొదటి రెండు ఎపిసోడ్లు గోలగోలగా చూశాం. మూడో వారానికి ఎవరూ నోరు విప్పడం లేదు. ఎక్కడ తేడా కొట్టింది?" ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయం కదా అని ఇది రాస్తున్నాను.

తేడా చాలావరకు ఒక్కచోటే కొడుతుంది. ముందే చూసేసినవాళ్ల వేగంతో గ్రూపు నడుస్తుంది. వెనక ఉన్నవాళ్లు కథ తెలిసిపోతుందన్న భయంతో మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత గ్రూపు తెరవడమే మానేస్తారు.

మన వైజాగ్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. స్టీల్ ప్లాంట్‌లో బీ షిఫ్టు దిగేసరికి రాత్రి 10. రుషికొండ ఐటీ హిల్ మీద కొందరిది అమెరికా టైము. పరవాడ ఫార్మా సిటీలో నైట్ డ్యూటీలు. నేవీలో ఉన్నవాళ్లు ఓడెక్కితే ఇక ఫోనే అందదు. రాత్రి 9 అవగానే అందరూ టీవీ ముందు కూర్చోవడం ఇక్కడ కుదరదు. అందుకే కింద రాసిన ప్రతి అడుగూ గ్రూపులో అందరికన్నా వెనక ఉన్న మనిషి కోసం వేసిందే.

1. షో ఏ రకమో ముందు తేల్చుకోండి

గ్రూపు పద్ధతి షోని బట్టి మారుతుంది. అన్నిటికీ ఒకే రూలు పెడితే మొదటి వారంలోనే చెడుతుంది.

వారానికో ఎపిసోడ్ వచ్చే షో: కలిసి చూడటానికి ఇంతకన్నా మంచి రకం లేదు. వెనకబడ్డవాళ్లు అందుకోవడానికి వారం టైము ఉంటుంది, మాట్లాడుకోవడానికి వారమంతా ఉంటుంది. కొత్తగా గ్రూపు పెడుతుంటే దీనితోనే మొదలుపెట్టండి.

ఒకేసారి సీజన్ మొత్తం వదిలే వెబ్ సిరీస్: ఇక్కడ మీరే పగ్గం పట్టుకోవాలి. ఎనిమిది ఎపిసోడ్లుంటే వారానికి రెండు చొప్పున నాలుగు వారాలకు పంచేయండి. "నేను ఆగలేను, ఈ రాత్రికే మొత్తం చూసేస్తాను" అనేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. చూడనివ్వండి. కానీ వాళ్లు మాట్లాడే చోటు వేరుగా ఉండాలి. అదెలాగో మూడో అడుగులో చెప్తాను.

రోజువారీ సీరియల్: దీన్ని లైవ్‌లో కలిసి చూడాలని పట్టుబట్టొద్దు. కొన్ని యాప్‌లలో చందాదారులకు టీవీ కంటే ముందే ఎపిసోడ్ వచ్చేస్తుంది కాబట్టి ఒకే గ్రూపులో ఒకరు రేపటి కథలో, ఒకరు నిన్నటి కథలో ఉంటారు. వారమంతా ఎవరి వీలును బట్టి వాళ్లు చూసి, ఆదివారం ఒక గంట కూర్చుని మాట్లాడుకోవడమే మేలు.

రియాలిటీ షో: బిగ్ బాస్ లాంటివి. ఇక్కడ పాతబడితే మజా పోతుంది కాబట్టి లైవ్ తప్పదు. గొడవలూ తప్పవు.

2. మనుషుల్ని చేర్చే ముందు షిఫ్టుల పట్టిక

వాట్సాప్ గ్రూపులో 1,024 మందిని చేర్చొచ్చు. ఆ అంకె మర్చిపోండి. కలిసి చూసే గ్రూపుకి పది, పదిహేను మంది చాలు. ఇరవై దాటితే ఎవరు ఎక్కడిదాకా చూశారో గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పైగా ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు చదువుతారు.

చేర్చే ముందు ఒక్కొక్కరినీ ఈ నాలుగు అడిగి రాసుకోండి:

- ఏ రోజుల్లో ఖాళీ? షిఫ్టు మారుతుందా, ఎన్నాళ్లకోసారి?
- దేంట్లో చూస్తారు: కేబులా, డిష్షా, ఫోన్లో యాపా?
- యాప్ అయితే యాడ్స్ ఉన్న ప్లానా, లేని ప్లానా?
- పక్కన పిల్లలో పెద్దవాళ్లో ఉంటారా?

చివరి ప్రశ్న చాదస్తం అనిపించొచ్చు. అత్తగారి పక్కన కూర్చుని చూసే కోడలికీ, హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసే కుర్రాడికీ ఒకే షో కుదరదు. ముందే తెలిస్తే షో ఎంపికలోనే జాగ్రత్త పడొచ్చు.

యాడ్స్ ప్రశ్న ఎందుకో ఆరో అడుగులో తెలుస్తుంది.

3. యాప్ ఎంచుకోవడం, గదులు విడగొట్టడం

ఏ యాప్ గొప్పదన్న వాదన వద్దు. మీ గ్రూపులో పెద్దవాళ్లకు ఏది వచ్చో అదే తీసుకోండి.

వాట్సాప్ అందరి దగ్గరా ఉంటుంది, పోల్ పెట్టొచ్చు, మెసేజ్ పిన్ చేయొచ్చు. ఒక లోపం: గ్రూపులో చేరితే మీ నంబరు అందరికీ కనిపిస్తుంది. బంధువులు, ఆఫీసు స్నేహితులు అయితే ఫర్వాలేదు. ముఖపరిచయం లేనివాళ్లతో చూస్తుంటే, ముఖ్యంగా ఆడవాళ్లు ఉంటే, టెలిగ్రామ్‌కి మారండి. అక్కడ సెట్టింగ్స్‌లో నంబరు దాచేసి యూజర్‌నేమ్‌తో ఉండొచ్చు. కాలేజీ పిల్లలైతే డిస్కార్డ్‌కి అలవాటుపడి ఉంటారు, వాయిస్ గది అందులో బాగుంటుంది.

ఏ యాప్ అయినా సరే, గదులు మూడు ఉండాలి. టెలిగ్రామ్‌లో టాపిక్స్, డిస్కార్డ్‌లో ఛానెల్స్, వాట్సాప్‌లో అయితే ఒక కమ్యూనిటీ కింద మూడు గ్రూపులు.

- లైవ్: ఎపిసోడ్ నడుస్తున్నప్పుడు మాత్రమే. అరుపులు, స్టిక్కర్లు, ఏదైనా.
- ముచ్చట్లు: అందరూ చూసేసిన ఎపిసోడ్ల గురించి. రోజంతా తెరిచి ఉండేది ఇదే.
- ముందున్నవాళ్లు: సీజన్ మొత్తం చూసేసినవాళ్ల అడ్డా. చూడనివాళ్లు ఇందులోకి అడుగే పెట్టరు.

మూడో గది పెట్టకపోతే మొదటి రెండూ పాడవుతాయి. ఎవరైనా ముగింపు చూశాక ఎక్కడో ఒకచోట చెప్పుకోకుండా ఉండలేరు. వాళ్లకు చోటు ఇవ్వకుండా నోరు మూసుకోమంటే ఆ నోరు ముచ్చట్ల గదిలోనే తెరుచుకుంటుంది.

4. గీత గీసి పిన్ చేయండి

మొత్తం పద్ధతిలో ముఖ్యమైన అడుగు ఇదే. "ఇక్కడిదాకా అందరం చూశాం, దీని వెనక ఏదైనా మాట్లాడొచ్చు" అన్న హద్దును గీత అందాం. ప్రతి వారం అడ్మిన్ దాన్ని ఆ వారం చూసిన ఎపిసోడ్ దాకా ముందుకు జరుపుతారు. ఎవరూ సొంతంగా జరపకూడదు.

పిన్ చేసే మెసేజ్ పొట్టిగా ఉండాలి. ఇలా:

"గీత: ఎపిసోడ్ 3 చివరిదాకా.
ఎపిసోడ్ 4 శనివారం రాత్రి 11కి ప్లే. బీ షిఫ్టు వాళ్లు ఇంటికి చేరి అన్నం తిన్నాకే.
లైవ్ గదిలో తప్ప ఇంకెక్కడా 4 గురించి మాట వద్దు.
శనివారం కుదరనివాళ్లకి సోమవారం రాత్రి 9 దాకా టైము. ఆ తర్వాత గీత 4కి జరుగుతుంది.
ఇంకా ఆలస్యమైతే నాకు విడిగా చెప్పండి, ఒక రోజు ఆపుతాను."

చివరి లైను తీసేయకండి. గ్రూపులో అందరి ముందూ "నేను చూడలేదు, ఆగండి" అనడానికి చాలామందికి మొహమాటం. విడిగా చెప్పే దారి ఉంటే చెప్తారు. లేకపోతే ఊరుకుంటారు, ఊరుకుని జారుకుంటారు.

అలాగే "ఏటి, ఇంకా చూడలేదా?" అన్న మాటను గ్రూపులో నిషేధించండి. నవ్వుతూ అన్నా గుచ్చుకుంటుంది.

గీత ఎన్నిసార్లు ఆపొచ్చు? ఒక ఎపిసోడ్‌కి ఒకసారి, ఒక రోజు. అంతకుమించి వెనకబడ్డవాళ్లని లైవ్ గదిలోంచి తాత్కాలికంగా బయటికి పంపి, ముచ్చట్ల గదిని వాళ్ల ఫోన్లో మ్యూట్ చేసుకోమనండి. సముద్రం మీదికి వెళ్లే స్నేహితుడైతే వచ్చాక చదువుకోవడానికి వీలుగా ప్రతి ఎపిసోడ్ ముచ్చట్లకు ముందు "ఎపిసోడ్ 4 మొదలు" అని ఒక లైను పెట్టండి. వెతుక్కోవడం తేలికవుతుంది.

5. టైము లెక్క

ఊళ్లోవాళ్లకే షిఫ్టుల గోల. అమెరికాలో ఉన్న తమ్ముడో, మరదలో కూడా చేరితే లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది.

డాలస్‌కి మనకీ ఎండాకాలం లెక్కలో పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదకొండున్నర గంటలు. బిగ్ బాస్ తెలుగు కొన్నేళ్లుగా సెప్టెంబరులో మొదలై డిసెంబరు దాకా నడుస్తోంది కాబట్టి ఈ మార్పు సరిగ్గా సీజన్ నడుమ పడుతుంది. మనకు శనివారం రాత్రి 9 అంటే వాళ్లకు అక్టోబరులో ఉదయం 10:30, నవంబరు రెండో వారంలో 9:30. ముందే చెప్పకపోతే ఆ శనివారం వాళ్లు గంట ఆలస్యంగా వస్తారు.

విదేశీ షోలు మనకు వచ్చే టైము కూడా చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ ప్రపంచమంతా ఒకేసారి వదిలే షోలు సాధారణంగా కాలిఫోర్నియా అర్ధరాత్రి లెక్కన వస్తాయి. మనకు మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. అమెరికా తూర్పు తీరం టైములో ఆదివారం రాత్రి 9కి వేసే షో మనకు సోమవారం ఉదయం 6:30, చలికాలంలో 7:30. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ అలాగే ఉదయం 6:30కి వచ్చింది. ఉదయం 6 అంటే స్టీల్ ప్లాంట్‌లో పగటి 'ఏ' షిఫ్టు ఎక్కే వేళ, రాత్రి 'సీ' షిఫ్టు దిగే వేళ. అలాంటి షోకి "వచ్చిన వెంటనే" అన్న పట్టుదల వదిలేసి అదే రోజు రాత్రికి పెట్టుకోండి. పగలంతా నెట్‌కి దూరంగా ఉండటమే కష్టం, దానికి ఏడో అడుగు ఉంది.

టైము నిర్ణయించడానికి పోల్ పెట్టండి, కానీ మూడుకు మించి ఆప్షన్లు ఇవ్వొద్దు. ఎక్కువ ఓట్లు వచ్చిన టైమే ఖాయం చేయాలని కూడా లేదు. "నాకు అసలు కుదరదు" అని ఎవరూ అనని టైమే మంచి టైము.

6. ఒకేసారి ప్లే నొక్కడం

ఇక్కడ చాలామంది "ఏముంది, టైముకి పెట్టుకుంటాం" అనుకుంటారు. పది నిమిషాలకే ఒకరు నవ్వుతుంటే ఇంకొకరికి ఆ జోకు రాదు.

లైవ్ టీవీ అయితే: కేబుల్లో చూసేవాళ్లు ముందుంటారు, యాప్‌లో చూసేవాళ్లు వెనక ఉంటారు. యాప్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది, ఫోన్ ఆ ముక్కల్ని కొన్ని పోగేసుకున్నాకే చూపిస్తుంది. అందుకే తేడా అర నిమిషం దాకా పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వన్డే మ్యాచ్‌లో పక్కింటివాళ్లు అరిచాక మన ఫోన్లో వికెట్ పడటం అందరికీ అనుభవమే.

తేడా ఎంతో కొలవడానికి మెసేజ్‌లు పనికిరావు, వాట్సాప్‌లో టైము నిమిషాల్లోనే కనబడుతుంది. వాయిస్ కాల్ పెట్టి, మొదటి యాడ్ తెర మీద పడగానే "ఇప్పుడు" అనమనండి. అందరికన్నా ఆఖరున ఎవరంటే ఆ మనిషే ఆ రాత్రికి కొలత. ముందున్నవాళ్లు ఆ తేడా అయ్యేదాకా టైప్ చేయకూడదు. కష్టమే, కానీ రెండు ఎపిసోడ్లకు అలవాటవుతుంది. రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సయితే అంతసేపు పాజ్ చేసి వదిలితే సరిపోతుంది.

ఓటీటీ అయితే:

1) చెప్పిన టైముకి పది నిమిషాల ముందే అందరూ ఎపిసోడ్ తెరవాలి. యాడ్స్ ఉన్న ప్లాన్ వాళ్లు మొదటి యాడ్స్ అయ్యేదాకా నడిపించేయాలి.

2) "గత ఎపిసోడ్‌లో" ముక్క, టైటిల్స్ దాటాక ఒక షాట్ ఎంచుకుని అక్కడ పాజ్ చేయాలి. ఒకరు ఇంట్రో స్కిప్ చేసి, ఒకరు చేయకపోతే నిమిషం తేడా అక్కడే వస్తుంది.

3) తెర మీద కనబడే టైమును గ్రూపులో రాయాలి. "1:42" అని అందరిదీ ఒకటే ఉండాలి.

4) ప్లే స్పీడు మామూలుగానే ఉందో లేదో చూడాలి. ఎప్పుడో ఒకటింపావు స్పీడు పెట్టి మర్చిపోయినవాళ్లు ఒక్కరైనా దొరుకుతారు.

5) కాల్‌లో ఒక్కరే లెక్కపెట్టాలి: "మూడు, రెండు, ఒకటి, ప్లే." ఒకటి అన్నప్పుడు కాదు, ప్లే అన్నప్పుడు నొక్కాలి. ఇది ముందే చెప్పండి.

6) ఇరవై నిమిషాలకోసారి అడ్మిన్ తన టైము రాస్తే మిగతావాళ్లు సరిచూసుకోవాలి. అయిదు సెకన్ల తేడాని పట్టించుకోవద్దు.

మధ్యలో యాడ్స్ వచ్చే ప్లాన్ ఒక్కరిదైనా ఉంటే, వాళ్లకు యాడ్ వచ్చినప్పుడు "యాడ్" అని రాస్తారు, అందరూ పాజ్ చేస్తారు. పక్కన పెట్టిన టీ తాగడానికి ఆ టైము సరిపోతుంది. గ్రూపులో ఎక్కువమందిది యాడ్స్ ప్లానే అయితే ఒకేసారి ప్లే అన్న ఆలోచనే మానేసి, ఎపిసోడ్‌ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం దగ్గర ఆగి మాట్లాడుకోండి.

ఎవరికైనా బఫరింగ్ అయితే అందరూ ఆగనక్కర్లేదు. నెట్ వచ్చాక వాళ్లే ముందుకు జరిపి కలుస్తారు. రెండు నిమిషాలు దాటితే మాత్రం ఆగండి.

ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్లకు టెలీపార్టీ లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. ఒకరు పాజ్ చేస్తే అందరికీ పాజ్ అవుతుంది, పక్కనే చాట్ ఉంటుంది. ఎవరి చందా వాళ్లకు ఉండాలి. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి చూపిద్దామని మాత్రం అనుకోవద్దు. ఓటీటీ యాప్‌లు కాపీ కాకుండా తాళం వేసి ఉంటాయి, అవతలివాళ్లకు నల్లటి తెర కనబడుతుంది. ఈ ప్రశ్న చాలామంది అడిగారు. దీనికి దొంగదారులు వెతకొద్దు.

కూర్చునే ముందు చూసుకోవాల్సినవి:

- షోకి టీవీ, చాట్‌కి ఫోన్. ఒకే ఫోన్లో రెండూ అయితే ఏదీ సరిగా ఉండదు.
- కాల్‌లో ఉంటే మైక్ మ్యూట్, ఒక చెవికే ఇయర్‌ఫోన్.
- మొబైల్ డేటా అయితే మిగిలిన ఎంబీలు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, మామూలు క్వాలిటీలో 1 జీబీ దాకా అవుతుంది. రోజుకి రెండు జీబీల ప్యాక్ ఉన్నవాళ్లు హెచ్‌డీ తీసేయాలి.
- ఫోన్ ఛార్జింగ్. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు ఉంటే ఇవేవీ పెట్టుకోకుండా ఎపిసోడే వాయిదా వేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు, సిగ్నల్ లేక ఈ ఊరు ఎన్ని రోజులు గడిపిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

7. స్పాయిలర్లు: చెప్పకుండానే చెప్పేసే మాటలు

"నేనేం కథ చెప్పలేదుగా!" అంటూనే కథ చెప్పేసే మాటలు ఇవి:

"చివరి పది నిమిషాలు కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి." ఎవరో పోతారని అర్థమైపోయింది.

"ఈ పాత్ర మీద మరీ ప్రేమ పెంచుకోకండి." ఎవరు పోతారో కూడా తెలిసిపోయింది.

"నాలుగో ఎపిసోడ్‌లో ట్విస్టు అస్సలు ఊహించలేరు." ఇక అవతలి మనిషి నాలుగో ఎపిసోడ్ అంతా ట్విస్టు కోసమే చూస్తాడు, షో చూడడు.

ఎవరైనా ఒక ఊహ చెప్పినప్పుడు ముందే చూసినవాళ్లు పెట్టే నవ్వు ఎమోజీ. ఇది అన్నిటికన్నా చెడ్డది. ఊహలు చెప్పుకోవడమే ఈ గ్రూపుల్లో సగం మజా, దాన్ని ఒక్క ఎమోజీ చంపేస్తుంది. ఊహల మీద ముందున్నవాళ్లు అసలు స్పందించకూడదన్నది రాతలో పెట్టండి. అవుననీ వద్దు, కాదనీ వద్దు.

దాచి చెప్పే పద్ధతులు:

టెలిగ్రామ్‌లో, డిస్కార్డ్‌లో వాక్యానికి ముందు రెండు, వెనక రెండు నిలువు గీతలు పెడితే అక్షరాలు మూసుకుపోతాయి, నొక్కితేనే కనబడతాయి. టెలిగ్రామ్‌లో అక్షరాలు సెలెక్ట్ చేసి మెనూలోంచి కూడా పెట్టొచ్చు. దాచిన మాట ముందు ఏ ఎపిసోడో బయటికి రాయాలి. అది లేకపోతే నొక్కొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

వాట్సాప్‌లో నేను చెప్పే ఉపాయం వాయిస్ నోట్. ముందు "ఎపిసోడ్ 5, 22వ నిమిషం" అని రాసి, తర్వాత నోట్ పెట్టండి. ఒకటే జాగ్రత్త: వరసగా రెండు వాయిస్ నోట్లుంటే మొదటిది అవగానే రెండోది దానంతటదే మోగుతుంది. మధ్యలో ఒక్క మెసేజ్ అయినా రాయండి.

మీరు వెనక ఉంటే మీ వైపు నుంచి చేసుకోవాల్సినవి:

- గ్రూపు నోటిఫికేషన్లు మ్యూట్, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడకుండా సెట్టింగ్.
- ఎక్స్‌లో (పాత ట్విట్టర్) షో పేరు, ముఖ్య పాత్రల పేర్లు తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి మ్యూట్ చేసిన మాటల జాబితాలో. ఏడు రోజులకు పెట్టుకోవచ్చు.
- యూట్యూబ్ హోమ్ పేజీ తెరవొద్దు. పాట కావాలంటే సెర్చ్‌లోంచి వెళ్లండి. థంబ్‌నెయిల్ ఒక్కటి చాలు కొంప ముంచడానికి.
- బిగ్ బాస్ అయితే శనివారం రాత్రి నుంచే జాగ్రత్త. ఆదివారం ఎపిసోడ్ ముందే షూట్ చేస్తారు కాబట్టి ఎలిమినేషన్ కబురు బయటికి పొక్కుతుంది. ఈ లీకులు గ్రూపులో పెట్టడం నిజమైనా తప్పే, ఉత్తిదైనా తప్పే.

పొరపాటున ఎవరైనా చెప్పేస్తే? వెంటనే అందరికీ డిలీట్ చేయమనండి. ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట రాయొద్దు. "అయ్యో చెప్పేశావేంటి" అని పదిమంది అంటే చూడనివాళ్లు పైకి స్క్రోల్ చేసి వెతుకుతారు. మామూలు ముచ్చట్లతో దాన్ని పైకి నెట్టేయండి.

8. ఫ్యాన్ గొడవలు

2018లో బిగ్ బాస్ రెండో సీజన్ అప్పుడు కౌశల్ ఆర్మీ (కంటెస్టెంట్ కౌశల్ అభిమానుల గ్రూపు) అన్న పేరు అందరి నోటా విన్నాం. ఒక కంటెస్టెంట్‌ని గెలిపించాలని పనిచేసే గ్రూపు వేరు, కలిసి చూసే గ్రూపు వేరు. రెండూ ఒకే చోట నడవవు. ఓటు ప్రచారం చేసుకునేవాళ్లను చేసుకోనివ్వండి, ఇంకో గ్రూపులో.

రూల్స్ నాలుగు చాలు: ఆటని తిట్టొచ్చు, మనిషిని తిట్టొద్దు. కంటెస్టెంట్ల ఇంట్లోవాళ్ల ఊసు వద్దు. కులం, పార్టీ వద్దు. ఇక్కడి మాటల స్క్రీన్‌షాట్లు బయటికి పోవద్దు.

అడ్మిన్లు ఇద్దరుండాలి, ఇద్దరికీ నచ్చే కంటెస్టెంట్లు వేరువేరుగా ఉంటే ఇంకా మంచిది. ఎవరైనా హద్దు దాటితే ముందు విడిగా ఫోన్ చేసి చెప్పండి. వయసులో పెద్దాయనైతే "బాబాయ్, ఆ మాట కొంచెం ఎక్కువైంది, మీరే తీసేయండి" అంటే తీసేస్తారు. అదే మాట అందరి ముందూ అంటే పంతానికి పోతారు. మాటలు వేడెక్కితే వాట్సాప్‌లో కాసేపు అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి. టెలిగ్రామ్‌లో అయితే స్లో మోడ్ ఉంది. ఒక మెసేజ్‌కీ ఇంకో మెసేజ్‌కీ మధ్య నిమిషం ఆగాల్సి వస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

9. చందాలు, దొంగ లింకులు, ఓటీపీలు

"ఒకరు చందా కడదాం, అందరం వాడదాం" అన్నది ప్రతి గ్రూపులోనూ వచ్చే ఐడియా. ఒకే ఇంట్లోవాళ్లయితే సరే. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దేశంలోనూ వేరే ఇళ్లవాళ్లతో అకౌంట్ పంచుకోవడాన్ని అడ్డుకుంటోంది. గాజువాకలో అకౌంటు, మధురవాడలో టీవీ అంటే ఏదో ఒక శనివారం ప్లే నొక్కే వేళకే ఆగిపోతుంది. అందరికీ చందా ఉన్న యాప్‌లోంచే షో ఎంచుకోండి, లేదా టీవీలో వచ్చేదే చూడండి.

టెలిగ్రామ్‌లో తిరిగే ఎపిసోడ్ ఫైళ్లు గ్రూపులోకి రానివ్వొద్దు. 1957 కాపీరైట్ చట్టం కింద అది నేరం, ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. పైగా ఆ లింకుల వెంట ఏ యాప్ ఫోన్లోకి దూరుతుందో తెలియదు.

"మా కంటెస్టెంట్‌కి ఓటెయ్యండి, వచ్చిన నంబరు పంపండి" అని ఎవరైనా అడిగితే అది మోసం. ఓటు వేయడానికి మీ ఓటీపీ ఎవరికీ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

10. అప్పుడప్పుడు ఒకే ఇంట్లో

సీజన్‌కి ఒకసారైనా ఎవరింట్లోనైనా కలవండి, ఫైనల్‌కి అయితే మరీ మంచిది. హాల్లో పదిమందికి మించొద్దు. రాలేనివాళ్లను స్పీకర్‌లో పెట్టి, ఫోన్ టీవీకి ఎదురుగా కాకుండా మనుషుల వైపు పెట్టండి. వాళ్లకు కావాల్సింది మన అరుపులు, వాళ్ల టీవీ వాళ్లకుంది.

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి అందరికీ చూపిద్దామన్న ఉత్సాహం వద్దు. ఓటీటీ చందా ఇంట్లో సొంతంగా చూసుకోవడానికే.

ఆర్కే బీచ్‌లో కలుద్దామంటే చూడటానికి కాదు, మాట్లాడుకోవడానికి. ఆ గాలికి ఫోన్లో డైలాగ్ ఒక్క ముక్క వినబడదు. ముంత మసాలా చేతిలో పట్టుకుని ఊహలు చెప్పుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. గీత అక్కడ కూడా వర్తిస్తుందని బయల్దేరే ముందే గుర్తుచేయండి. నోటితో చెప్పేసినదాన్ని డిలీట్ చేయలేం.

11. సీజన్ అయిపోయాక

ఫైనల్ అయిన వారానికి "ముందున్నవాళ్లు" గది అందరికీ తెరిచేయండి. ఎవరెవరు ఏం దాచుకుని తిరిగారో అప్పుడు చదవడం భలే సరదా. మన ఊహలు చూసి వాళ్లు లోపల ఎంత నవ్వుకున్నారో అందులో ఉంటుంది.

తర్వాతి షోకి పోల్ పెట్టే ముందు షిఫ్టుల పట్టిక మళ్లీ అడగండి. ఈలోగా ఎవరికో డ్యూటీ మారి ఉంటుంది, ఎవరికో పరీక్షలుంటాయి. ఈసారి కుదరదన్నవాళ్లను బలవంతంగా ఉంచొద్దు, తీసేయనూ వద్దు. గ్రూపు మ్యూట్‌లో పెట్టుకోమని చెప్తే చాలు.

కొత్త షో మొదలయ్యేదాకా గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేయండి. లేదంటే గుడ్ మార్నింగ్ పువ్వులు, రియల్ ఎస్టేట్ ప్లాట్లు వచ్చి కూర్చుంటాయి. అవి చూసి మ్యూట్ చేసినవాళ్లు కొత్త షో మొదలైనా మ్యూట్ తీయరు.